గొంతుగారి ఎండ

ఆఫీసులో అందరూ ఆయన్ని గొంతుగారు అనేవారు. ఆ పేరంటే ఆయనకు మహా మురిపెం. రైతుల ఫోన్లకు రోజూ పొద్దున్నే వెళ్లే సలహాలు చదివి రికార్డు చేయడం ఆయన ఉద్యోగం. గొంతు మాత్రం తేనె పోసినట్టుండేది, కాదనలేం. ఆ గొంతు తీసేస్తే మిగిలేది ఇస్త్రీ చొక్కా, సోమరితనం. చెప్పులకు బురద అంటుతుందని పొలాల వైపు కన్నెత్తి చూసేవాడు కాదు గానీ, విత్తు ఎప్పుడు వేయాలో లోకానికంతటికీ చెప్పేవాడు.

వాతావరణ కేంద్రం నుంచి రోజూ ఒక కాగితం వచ్చేది. దాన్ని చూసి ఏ రోజుకారోజు చదవాలి. గొంతుగారికి అంత ఓపికెక్కడిది? సోమవారం ఒక్క పూట కూర్చుని వారానికి సరిపడా చదివి పారేసేవాడు. కోతల కాలమైతే వారమంతా ఎండే.

"ఆకాశం మన మేనేజరా ఏంటి, పూటకో మాట మార్చడానికి?" అని తన జోకుకు తనే పడీపడీ నవ్వేవాడు.

సలహా తప్పితే రైతులు ఫోన్ చేసి తిట్టిపోసేవారు. ఆ తిట్లు వినే సీటు వేరేవాళ్లది కాబట్టి గొంతుగారి నిద్రకు ఏ లోటూ రాలేదు. సిగ్గన్నది ఎలాగూ లేదు.

ఆయన మాటను గుడ్డిగా నమ్మే మనిషి ఒక్కతే, సొంత అక్క. తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచింది. ఎకరం మొక్కజొన్నే ఆమె ఇంటికి ఏడాది తిండి. ఆ గురువారం మబ్బు చూసి పక్కింటివాళ్లు గింజలు లోపలికి చేరవేస్తుంటే, "మా తమ్ముడు ఎండన్నాడు" అని ఈమె వాకిలంతా ఆరబోసి, మందులు తెచ్చుకోవడానికి బస్సెక్కింది. తిరిగొచ్చేసరికి వాన కురిసి వెలిసింది.

గొంతుగారు టీ తాగుతుండగా అక్క ఫోన్ చేసింది.

"ఒరే, గింజలన్నీ తడిసిపోయాయిరా. సగం కాలవలో కలిశాయి."

ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. అప్పుడైనా నిజం చెప్పి ఉంటే కాస్త మనిషి అనిపించుకునేవాడు.

"పైవాళ్లు పంపిందే తప్పక్కా. వాళ్లు రాసింది నేను చదివాను, అంతే."

"నీ తప్పని ఎవరన్నారు? పక్కింటాళ్లు నిన్ను నోటికొచ్చినట్టు అంటుంటే ఇప్పుడే కడిగేసి వచ్చా. అది సరే గానీ, మిగిలినవి రేపు ఆరబోయాలి. ఇంకో రోజు ఆగితే బూజు పట్టేస్తాయి. రేపు ఎండొస్తుందా?"

రేపటి ఎండ సోమవారమే చదివేశాడు. ఈరోజు వచ్చిన కాగితం ఎదురుగా బల్ల మీదే ఉంది, టీ గ్లాసు కింద. చదవాలంటే గ్లాసు పక్కకు జరపాలి.

"వస్తుందక్కా, హాయిగా ఆరబోసుకో," అన్నాడు గొంతుగారు, అదే తేనె గొంతుతో.