వినాయకుని ముందు వెలిగిన దీపం

నాందేడ్‌లో ముప్పయ్యేళ్లు తెలుగు బోధించి, ఉద్యోగ విరమణ పిదప ఒక కారు కొన్నాను. కార్ల అలంకరణ దుకాణం నడిపే నా పూర్వశిష్యుడు సాయిలు, కారు పూజనాడే డాష్‌బోర్డు మీది వినాయకునికి చిన్న విద్యుద్దీపం అమర్చాడు. అందుకై అతడు లోపలి తీగను కోయడం చూసి, వారంటీకి భంగం రాదా అని అడిగాను.

"ఏం గాదు సార్, నాది జిమ్మేదారి," అని పూచీపడి నా పాదాలంటి నమస్కరించాడు. రుసుము ఇవ్వబోతే, "గురుదక్షిణ అనుకోండ్రి. మన నడుమ బిల్లు గిల్లు ఎందుకు?" అన్నాడు.

మూడు నెలలకు భోకర్ దారిలో డాష్‌బోర్డు నుండి పొగ లేచింది. నా భార్యా నేనూ ప్రాణభయంతో దిగి పరుగెత్తాము. సర్వీసు కేంద్రపు మేనేజరు మాడిన తీగను చూపి, బయటివారు కోసినందున ఈ నష్టానికి వారంటీ వర్తించదన్నాడు. వెంటనే సాయిలును పిలిపించాను.

అతడు నా ముఖం చూడకుండానే, "గిది నా దుకాన్ల పెట్టింది కాదు. బిల్లుంటే చూపియ్యుండ్రి సార్," అన్నాడు.

మరమ్మతు భారం నేనే మోశాను. దీపం తీసివేయించాను. బిల్లు అడగకపోవడం నా పొరపాటే. కాని పాదాలంటి పలికిన శిష్యుని మాటకు సైతం రసీదు పుచ్చుకోవాలని ఏ గురువు తలచగలడు?