నాలుగు ముక్కలైన కుప్పం

ఊళ్ల పటాలను ఊరి వారీగా ఉంచకుండా కాగితం సైజును బట్టి సర్దించారు, బీరువా చూడముచ్చటగా ఉంటుందని. అది తప్పు. ఇన్నేళ్లయినా తప్పే అంటాను.

దయ్యాలున్నాయంటే నేను నమ్మేవాణ్ణి కాదు. ఇప్పుడు ఇది రాయడానికి కూడా నాకు నామోషీగానే ఉంది.

అరవైల మొదట్లో నెల్లూరు కోస్తాలో ఒక సర్వే ఆఫీసులో రికార్డు గది అటెండర్ని. బడి చదువు లేదు. పటాల మీద పేర్లు చూసి చూసి అక్షరాలు నేర్చుకున్నాను. పని నేర్పింది రికార్డు కీపరు దావీదు గారు. ఒక ఊరి పటాలన్నీ ఒకే గుడ్డ కట్టలో ఉండాలి. ఏ షీటు తీసినా దాని చోట, ఎవరు ఎందుకు తీశారో రాసి చీటీ పెట్టాలి.

ఆయన చనిపోయిన ఏడాదికి కొత్త సూపరింటెండెంటు వచ్చి కట్టలన్నీ విప్పించి, షీట్లను సైజుల వారీగా పేర్పించాడు. వద్దన్నాను.

"ఏందియా, బడి మొగం చూడనోడివి, నాకు పాఠాలు చెప్తుండావా?" అన్నాడు.

పులికాట్ సరస్సు ఒడ్డున కుప్పం, అంటే చేపలు పట్టి బతికే వాళ్ల పల్లె, ఒకటుండేది. ఆ నేల ఖాళీ బీడని, ఉప్పు మళ్లకు ఇమ్మని ఒక కంట్రాక్టరు అర్జీ పెట్టాడు. పాత పటంలో వాళ్ల ఇళ్లున్నాయి. దాని నకలు విచారణలో చూపితేనే ఊరు నిలుస్తుంది. పటం నాలుగు షీట్లు, నాలుగు సైజులు. వందల కాగితాల్లో ఎక్కడెక్కడో కలిసిపోయాయి. కుప్పం పెద్ద పోలయ్య మూడు రోజులు మా వరండాలోనే కూర్చున్నాడు.

"సముద్రంలో దారి తప్పలేదన్నా మేము. నీ బీరువాలో తప్పినామే!" అని నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

విచారణకు ముందురోజు మధ్యాహ్నం గదికి తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకుని అన్నానికి వెళ్లాను. ఆ గదికి కిటికీ లేదు. తిరిగొచ్చి తలుపు తీస్తే నాలుగు షీట్లూ బల్లమీద అంచుకు అంచు కలిపి పరిచి ఉన్నాయి. బీరువాలో వాటిని తీసిన నాలుగు చోట్లా చీటీలు. "కుప్పం వారి నకలు కొరకు" అని, ఆనాటి తేదీతో. దస్తూరీ దావీదు గారిది. సంతకమూ ఆయనదే. సిరా ఇంకా ఆరలేదు.

నకలుకు ముద్ర కావాలి గనుక సూపరింటెండెంటును పిలిచాను. పిలవడం నా బుద్ధితక్కువ. దొంగ సంతకాలు చేశానని చీటీలు చించేశాడు. షీట్లను మళ్లీ సైజుల్లో కలిపేశాడు. పోలయ్య ఉత్త చేతులతో వెళ్లాడు. మర్నాడు కుప్పం నేల ఉప్పు మళ్లకు పోయింది, వారానికి నా ఉద్యోగం పోయింది.

ఆ సంతకాలు నేను చేయలేదు. చేసిందెవరో ఇప్పటికీ చెప్పలేను. ఆ నకలు కోసం మాత్రం ఏళ్ల తరబడి అర్జీలు పెట్టాను. చివరికి జవాబు వచ్చింది:

"సదరు పటము నకలు విచారణకు ముందు దినముననే రికార్డు కీపరు దావీదు గారిచే జారీ కాబడినది. ముట్టినట్లు కుప్పం పెద్ద వేలిముద్ర కలదు. కావున మీ అర్జీ త్రోసివేయడమైనది."