టోపీ అక్షరం

ఆఫీసులో ఆమెను అందరూ చాదస్తం అనే పిలుస్తారు. ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి సరిచేయడం ఆమె పని. కళ్లజోడు ముక్కు కొసకు జార్చి, ఒంటివేలితో లోకంలోని వింత పేర్లన్నీ కొట్టి చూస్తుంది. కోపమొస్తే మాట్లాడదు, చున్నీ కొసతో అద్దాలు తుడుచుకుంటుంది. గుర్తింపు కార్డుల మీద పేర్లను పెద్దక్షరాల్లోకి, అంటే కాపిటల్స్‌లోకి, మార్చే ప్రోగ్రాములో, ఇంగ్లీషులో లేని, కొన్ని విదేశీ పేర్లలో వచ్చే, నెత్తిన గీతో చుక్కో ఉన్న అక్షరాలు మాత్రం చిన్నవిగానే మిగిలిపోతున్నాయని ఆమె చెప్పినప్పుడు టీమ్ లీడరు అందరి ముందూ పగలబడి నవ్వాడు. "టోపీ పెట్టుకున్న అక్షరాలు ఎవరిక్కావాలమ్మా? నీ చాదస్తం తగలెయ్య!" ఆమె అద్దాలు తుడుచుకుంది.

ప్రోగ్రాము కొనడానికొచ్చిన విదేశీ కంపెనీ యజమానురాలి ముందు లీడరు గొప్పలు పోతుంటే, చాదస్తం లేచొచ్చి కీబోర్డును అతిథి ముందుకు జరిపింది. "మీ పేరే కొట్టి చూడండి మేడమ్." ఆ పేరులో టోపీ అక్షరం ఉందని ఆమెకు ముందే తెలుసు. తెర మీద నిటారుగా నిలబడ్డ పెద్దక్షరాల మధ్య ఒకటి ముడుచుకుని కూర్చుంది. యజమానురాలి ముఖం మాడిపోయింది.

"ఇది సరిచెయ్యలేదా?" లీడరు పళ్లు నూరాడు.

"ఎవరిక్కావాలన్నారుగా సార్."

సరిచేసిన ప్రోగ్రాము, అతను నవ్విన రోజు నుంచీ ఆమె కంప్యూటర్లో సిద్ధంగానే ఉంది. ఈసారి ఆమె అద్దాలు తుడుచుకోలేదు. కళ్లజోడు పైకి ఎగదోసుకుని అతని ముఖాన్ని తీరిగ్గా చూసింది.