దేవసహాయం మామ అంగలు

మా దేవసహాయం మామ దేన్నయినా తన అంగలతోనే కొలిచేవాడు. టేపులు సాగుతాయి, సాక్షులు మాట మారుస్తారు, మిలటరీలో నేర్చిన ముప్పై అంగుళాల అంగ మాత్రం మారదని ఆయన నమ్మకం. పదిహేనేళ్లు సైన్యంలో చేసి, ఆ తర్వాత నల్లకోటు వేశాడు. ఉప్పల్, నాచారం ప్లాట్ల తగాదాలన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి.

నాకు సంబంధం చూడటానికి మల్కాజిగిరి వెళ్లినప్పుడు, పిల్లను వదిలేసి వాళ్ల వరండా కొలిచి వచ్చాడు.

“పిల్ల ఎట్లున్నది మామా?”

“వరండా ఎనిమిది అంగలు. పెండ్లి ఆడనే చేయొచ్చు.”

ఎనభై ఏడులో వార్డుకు నిలబడ్డాడు. ఓటు అడగడం మరిచి, బురదరోడ్డు ఎన్ని అంగలుందో ఇంటింటికీ చెప్పాడు. ఓడిపోయాడు. గెలిచినాయన ఊరేగింపు పక్కనే చివరిదాకా నడిచి ఇంటికొచ్చాడు.

“నూటనలభై అంగల జనం, హన్నా,” అన్నాడు మా అత్తమ్మతో. “న్యాయంగనే గెలిచిండు.”

మా మామ ఇంటికీ, ఇస్త్రీ చేసుకుని బతికే మల్లవ్వ గదికీ నడుమ ఒక ఖాళీ ప్లాటుండేది. కోస్తా నుంచి వచ్చిన పట్టాభిరామయ్య మాస్టారు దాన్ని కొన్నారు. కాగితం మీద ముప్పై అడుగులు, నేల మీద ఇరవై ఏడు. మల్లవ్వ గోడే లోపలికొచ్చిందని, కూల్చమని నోటీసిచ్చారు. గోడ పడితే రేకులూ పడతాయి. ఆమెకున్నది ఆ ఒక్క గదే.

“నేనేడికి బోవాలె వకీల్ సాబ్?” అంది మల్లవ్వ.

“జర ఆగు. ఆదివారం ప్రార్థన అయినంక కొలుద్దాం.”

“కాళ్లతో కొలవడమేమిటండీ?” అన్నారు మాస్టారు.

“సరిహద్దుల కాపలా కాసిన కాళ్లు సార్. మీ ప్లాటు వాటికొక లెక్కనా?”

ఆదివారం మల్లవ్వ గోడకు మడమ ఆనించి మామ బయలుదేరాడు. పదకొండో అంగ మా కంచె దాటింది. పన్నెండోది మా పెరట్లో, బావికి ఇవతల పడింది.

“ముప్పై అడుగులు. తప్పు నా కంచెదే సార్, నేనే జరుపుత.”

మాస్టారు ఆయన చేతులు పట్టుకున్నారు. మల్లవ్వ తన గోడకే ఆనుకుని కూలబడింది. సొంత కంచె ఎక్కడ వేయాలో తెలియని వకీలని మేం ఏళ్లపాటు ఏడిపించాం. ఆయనా మాతో కలిసి నవ్వేవాడు.

మామ పోయాక, ఇల్లు అత్తమ్మ పేరిట మార్చడానికి సర్వేయరు వచ్చాడు. గొలుసు పట్టి, కాగితాలు చూసి తల గోక్కున్నాడు.

“మీ పాత కంచె సరిగనే ఉండె సార్. లేఅవుట్ల నడిమి ప్లాటే తక్కువ పడ్డది. మీరు మీ జాగనే ఇడిసిపెట్టిన్రు.”

నేను వంటింట్లోకి పరుగెత్తాను. “అత్తమ్మా, మామ అంగ తప్పింది.”

అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తలేదు. “తప్పలే బిడ్డా. ముందురోజే మన జాగ రెండుసార్లు కొలుసుకున్నడు, కంచె సరిగనే ఉన్నదని ఆయనకెరుకే. గోడ కూలగొట్టుడు కంటె కంచె జరుపుడు సులువన్నడు. పన్నెండో అంగ కాడ ఆగినంకనే నా పానం నిమ్మళమైంది.”

“ఎందుకు?”

“పదమూడోది ఏస్తే మన బాయి సుత పోతుండె. గా మనిషిని నమ్మొచ్చా?”