సేంద్రియం గారి యూరియా సంచులు

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్లు. భూమికి ఎన్నేళ్లో నాకు సరిగ్గా తెలియదు కానీ, దాని ఆరోగ్యం మొత్తం నా చేతుల్లోనే ఉందని మాత్రం గట్టిగా నమ్మేదాన్ని. ఆ వయసులో అందరికీ ఏదో ఒకటి వస్తుంది. కొందరికి ప్రేమ వస్తుంది, కొందరికి సర్కారు కొలువు పిచ్చి వస్తుంది. నాకు సేంద్రియం వచ్చింది. హనుమకొండలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో టైపింగ్ నేర్పుతూ, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని ఫోన్లో మట్టి గురించిన వీడియోలు చూసీ చూసీ, చివరికి మూడు రోజుల శిక్షణకు వెళ్లొచ్చాను. ఆ శిక్షణ ఏసీ హాల్లో జరిగింది. మూడు రోజులూ మట్టి గురించే మాట్లాడుకున్నాం, ఒక్కరి చెప్పుకు కూడా మట్టి అంటలేదు. చివరి రోజు గురువుగారు (పేరు చెప్పను, ఇంకా శిక్షణలు ఇస్తూనే ఉన్నారు) తన నవ్వు ముఖం ఉన్న ఫ్లెక్సీ తలా ఒకటి చేతిలో పెట్టి, "వెళ్లండి, నేలను బతికించండి" అన్నారు. నేను వెళ్లి ఉద్యోగం మానేశాను.

బతికించడానికి మాకున్న నేల వర్ధన్నపేట దాటాక లోపలికి మూడెకరాల చెలక. అందులోనే మా ఇల్లు, పశువుల కొట్టం. నాకు తెలిసినప్పటి నుంచి అక్కడ పత్తి తప్ప ఇంకేం చూడలేదు. మా నాన్నను మేం బాపు అంటాం. బాపు నా ఉపన్యాసం మొత్తం ఓపికగా విన్నాడు. నేలలోని సూక్ష్మజీవుల దగ్గరికి వచ్చేసరికి ఒకసారి ఆవులించాడు కూడా. చివరికి, "ఒక్క వానకాలం ఇస్త బిడ్డా. నడిస్తె నడిచింది. నడవకపోతె మల్ల పత్తే, నువ్వు మల్ల టైపింగే. మంచిదేనా?" అన్నాడు. మంచిదేనన్నాను. ఒక్క వానకాలంలో ప్రపంచాన్ని మార్చవచ్చని ఆ వీడియోల్లో చాలామంది చెప్పారు మరి.

ఆ వానకాలం పత్తి చోట కంది, పెసర, బొబ్బెర వచ్చాయి. వంకాయ, బెండ, దోస వచ్చాయి. గట్ల మీద ఆముదాలు, పందిరి మీద బీర, సొర పాకాయి. ఒక ఆవు, రెండు బర్రెలు, కోళ్లు, నాలుగు బాతులు, వాటన్నిటి పేడా పెంటా నేలకే చేరేటట్టు ఒక ఏర్పాటు. దున్నింది బాపు, విత్తింది అమ్మ, కలుపు తీసింది ఇద్దరూ. నా వాటాకు పేరు పెట్టే పని వచ్చింది. "నేలతల్లి ఒడి" అని రంగుల బోర్డు రాయించి రోడ్డు మీదికి పెట్టాను. వారం తిరక్కుండానే పక్క ఊరి నుంచి ఒకామె మనవరాలిని చంకన వేసుకుని వచ్చి, "ఈడ గుడ్లు ఎన్నింటికిస్తరమ్మా?" అని అడిగింది. బోర్డు చూసి కొత్త అంగన్‌వాడీ అనుకుందట. నేను ఆమెకు ప్రకృతి సేద్యం గురించి చెప్పడం మొదలుపెట్టాను. అమ్మ మాత్రం రెండు గుడ్లు తెచ్చి ఆమె కొంగులో పెట్టి పంపింది.

నాకు పేరు పెట్టింది మా కాక. కాక అంటే బాపు తమ్ముడు. మా గట్టు అవతలే ఆయన రెండెకరాలు. అందులో ఆయన యూరియా బాజాప్తా చల్లి మక్కజొన్న పండించేవాడు, ఎవరికీ భయపడేవాడు కాదు. పొద్దున్నే గట్టు మీద నిలబడి, "ఏమే సేంద్రియం, ఇయ్యాల భూమికి జెరం తగ్గిందా?" అని అరిచేవాడు. నేను పళ్లు నూరుకుని, ఆయన నేల కోసం మనసులో ఒక్క క్షణం మౌనం పాటించేదాన్ని.

పండించినవి తినడానికి మనుషులు కావాలి కదా. నా పాత కంప్యూటర్ సెంటర్ వెనక కాలనీలో ఇరవై ఇళ్ల వాళ్లను ఒప్పించి వాట్సాప్ గ్రూపు పెట్టాను. వారానికోసారి ఒక్కో ఇంటికి ఒక్కో సంచి కూరగాయలు. దసరా దాకా చూసి, నచ్చితే ఏడాది పొడుగునా తీసుకుంటామన్నారు. బాపు చెప్పిన "నడవడం" అంటే ఇదే. ఆ ఇరవై ఇళ్లూ మిగిలితే చేను మాది, లేకపోతే పత్తిది. వాళ్లకు పెద్ద దిక్కు రిటైరైన ఒక లెక్చరర్. కాలనీ అంతా ఆమెను మేడమ్ అనే పిలిచేది, వయసులో ఆమెకంటే పెద్దవాళ్లు కూడా. చాలా మంచి మనుషులు. మందు కొట్టని కాయకు పుచ్చు ఉంటుందని వాళ్లకు తెలుసు. గుర్తుగా ఒక పుచ్చు కనబడాలని కోరుకునేవారు కూడా. అది పక్కింటి వాళ్ల సంచిలో ఉండాలి, అంతే.

గ్రూపులో నేను రోజూ ఒక ఫోటో, దాని కింద కాస్త కవిత్వం పెట్టేదాన్ని. భాద్రపదంలో ఒక పొద్దున, పది పిల్లలతో పడుకున్న మా ఎర్రకోడి ఫోటో పెట్టి "మాతృత్వం" అని రాశాను. ఇరవై నమస్కారాలు, పదిహేను గులాబీలు వచ్చాయి. తర్వాత మేడమ్ ఆ ఫోటోను పెద్దది చేసి, ఒక చోట ఎర్రగా సున్నా చుట్టి తిరిగి పెట్టారు. "అమ్మాయీ, కోడి కింద ఏమిటది?" కోడి కింద ప్లాస్టిక్ సంచి ఉంది. సంచి మీద, కోడి తోక పక్కనే, పెద్ద అక్షరాలతో "యూరియా" అని ఉంది.

గ్రూపు గగ్గోలైంది. రిటైర్డ్ బ్యాంకు సారు ఒకాయన "నమ్మకద్రోహం" అని ఒక్క మాట రాసి ఊరుకున్నారు. అది పాత సంచి అని నేను రాశాను. పాతదంటే ఎంత పాతది, అందులో యూరియా ఏమైంది అని ఇంకెవరో అడిగారు. చివరికి మేడమ్, "ఆదివారం మేమే వచ్చి చూస్తాం" అని తేల్చేశారు. నిజం చెప్పాలంటే మా చేలో ఆ ఏడాది గుప్పెడు యూరియా కూడా పడలేదు. ఆ ఒక్క ముక్కా వచ్చినవాళ్లకు చెబితే సరిపోయేది. కానీ నిజం చెప్పి ఊరుకుంటే శిక్షణ తీసుకున్నదానికి అర్థమేముంది?

శనివారం పొద్దున సంచుల వేట మొదలుపెట్టాను. అప్పుడు గానీ నాకు తెలియలేదు, మా సంసారం మొత్తం యూరియా సంచుల మీదే నిలబడి ఉందని. గడప ముందు కాళ్లు తుడుచుకునే పట్టా అదే. అమ్మ కూర్చుని బియ్యం ఏరుకునేది దాని మీదే. దూడ వీపున కప్పింది, దిష్టిబొమ్మ తొడుక్కున్న అంగీ, స్నానాల గదికి వేలాడదీసిన తెర, అన్నీ అవే. కొట్టం మీది రేకులు పగిలిన చోటల్లా మడతలు పెట్టి కప్పి, పైన రాళ్లు పెట్టినవీ అవే. నేను నిచ్చెన వేసుకుని ఎక్కి వాటిని కూడా లాగేశాను. అమ్మ కింద నిలబడి మొత్తుకుంది.

"ఓసి నీ పాడుగాను! గవి తీస్తె కొట్టం కురువదానే? లోపల పెసల్లున్నయి!"

"ఒక్క రోజే గదమ్మా. చూడు, ఆకాశం ఎట్లుందో."

ఆకాశం నిజంగానే అద్దంలా ఉంది. "సంచి జేసిన పాపమేందే?" అని అమ్మ గొణుక్కుంటూ లోపలికి వెళ్లిపోయింది. తెర లేని స్నానాల గదికి ఏం కడదామా అని వెతికితే గురువుగారి ఫ్లెక్సీ దొరికింది. దాన్నే కట్టాను. పెద్దాయన ముఖం రోడ్డు వైపు ఉంటే బాగుండదని లోపలి వైపు తిప్పాను.

సంచులు మోయలేనంత మూట అయ్యాయి. కాల్చితే పొగ, పాతితే నేలకు ద్రోహం. చివరికి గట్టు దాటి కాక దగ్గరికే వెళ్లాను, ఆయన మోటరు గదిలో దాచిపెట్టమని. కాక మూటనూ నన్నూ మార్చి మార్చి చూసి, "పెట్టుపో. నాది ఎట్లాగు చెడ్డ భూమే గద. ఈడ ఎవ్వలు వెతుకరు" అన్నాడు. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

ఆదివారం వ్యాన్లో పద్దెనిమిది మంది దిగారు. నేను ముందు నడుస్తూ చెబుతుంటే వాళ్లు గట్ల మీద బారుగా వచ్చారు. వానపాములు చూపిస్తానని ఒక చోట తవ్వాను, ఒక్కటీ లేదు. అవి సెలవులో ఉన్నట్టున్నాయని జోకు వేశాను, ఎవరూ నవ్వలేదు. అమ్మ వచ్చి బొబ్బెర తీగల కింద ఎండాకు పక్కకు జరిపింది. అక్కడ కుప్పలుగా ఉన్నాయి. బ్యాంకు సారు మాత్రం వానపాముల్ని చూడలేదు. చేతులు వెనక్కి కట్టుకుని కొట్టం మూలలు, గడ్డివాము సందులు గాలిస్తున్నారు. ఆయన ఎక్కడికి వెళితే నా గుండె అక్కడికి వెళ్లింది. ఇంతలో మేడమ్ స్నానాల గది వైపు వెళ్లి, వెళ్లినంత వేగంగా తిరిగొచ్చారు. "అమ్మాయీ, లోపల ఎవరో మగాయన నన్ను చూసి నవ్వుతున్నాడు" అన్నారు. అది మా గురువుగారని చెప్పాను. అలా చెప్పడం మంచిదైందో కాదో ఇప్పటికీ తెలియదు.

కంది చేను నడుమకు చేరేసరికి దక్షిణాన మబ్బు లేచింది. నేను కంది వేర్లు నేలకు చేసే మేలు గురించి చెబుతున్నాను. మొదటి చినుకు నా నోట్లోనే పడింది. తర్వాత వాన చినుకుల్లో రాలేదు, ఒక్కసారిగా కుమ్మరించింది. పద్దెనిమిది మంది ఫోన్లు కడుపులో దాచుకుని కొట్టం వైపు పరుగెత్తారు. కొట్టంలో బయటికంటే ఎక్కువ కురుస్తోంది. సంచులు తీసేసిన ప్రతి పగులు నుంచీ ధార. కింద నేల మీద, ఆ వానకాలం మా మొదటి గింజ పంట, రెండు రోజుల కిందటే కొట్టి ఆరబోసిన పెసలు. అమ్మ కొంగుతో కప్పబోయింది. బాపు చేతులతో ఎత్తిపోస్తున్నాడు. "తడుస్తానయే! పెసల్లన్నీ తడుస్తానయే!" అని అమ్మ అరిచిన అరుపులో కోపం లేదు, ఏడుపుంది.

గట్టు మీది నుంచి కాక వస్తున్నాడు. తల మీద ఒక సంచి కొప్పెర. (సంచి మూలను లోపలికి మడిస్తే టోపీలా తల మీద నిలిచి, వీపంతా కప్పుతుంది. వానల్లో మా వైపు అందరికీ అదే గొడుగు.) వీపున మూట. వచ్చి కొట్టం నడుమ ధడాలున పడేసి, "ఇగో, మీ సంచులు. జల్ది కప్పుండ్రి" అన్నాడు. మూట విడిపోయింది. యూరియా, యూరియా, యూరియా. పద్దెనిమిది మంది చదువుకున్నవాళ్లు, అందరూ చదివారు.

"చూశారా! దాచారు!" అన్నారు బ్యాంకు సారు, ఎవరూ దొరకబుచ్చుకోలేనిది తాను దొరకబుచ్చుకున్నట్టు.

కాక ఆయన వైపు తిరిగాడు. "సారూ, గా సంచులు నావి. నా చేన్ల నేనే చల్లిన. ఉత్తసంచులు మా వదినెకిస్త, ఆమె కుట్టుకుంటది. మా అన్న చేన్ల ఈ యాడాది ఒక్క పలుకు పడలె. నమ్మకపోతె మీ ఇష్టం. ముందుగాల్ల జర ఆ కొస పట్టుకోండ్రి."

బ్యాంకు సారు కొస పట్టుకున్నారు. అందరూ తలా ఒక కొస పట్టుకున్నారు. పెసల మీద కప్పాం, రేకుల కింద వేలాడదీశాం. వాన చప్పుడులో మేడమ్ నన్ను పక్కకు పిలిచారు. "నిజం ఉండగా ఎందుకు దాచావు?"

"మీకు నచ్చదని, మేడమ్."

"మాది మగ్గాల ఇల్లు. నూలు బేళ్ల మీది గోనెతో మా అమ్మ మాకు పరుపులు కుట్టేది. దాని మీది అక్షరాలు చదివే నేను ఇంగ్లీషు నేర్చుకున్నా. సరే, ఇంకేమైనా దాచావా?"

ఆ వానలో ఏమైందో, అన్నీ చెప్పేశాను. నేను పెట్టిన సీతాకోకచిలుక ఫోటో మా చేలోది కాదని, పేడ నీళ్లు కలిపేది అమ్మేనని, వాసనకు నేను పది అడుగుల దూరంలో నిలబడతానని, కవిత్వం తప్ప ఈ చేలో నా చేత్తో పండింది ఏమీ లేదని. అమ్మ వింటోందని నాకు తెలియదు. "బెండకాయలు తెంపుతది గదమ్మా, మంచిగనే తెంపుతది" అంది మేడమ్‌తో, నన్ను కాపాడబోతూ.

వాన వెలిసేసరికి పెసల్లో సగం తడిసి ఉబ్బాయి. రేపటికి మొలకలొస్తాయి, ఇక అమ్మకానికీ విత్తనానికీ పనికిరావు. బాపు ఒక గుప్పెడు తీసుకుని చూసి, మళ్లీ కుప్ప మీదే పోశాడు. మేడమ్ కొంగు పట్టి ముందుకొచ్చారు. "నాకో రెండు కిలోలు పొయ్యండి. ఎట్లాగూ ఇంట్లో నానబెట్టుకునేవే కదా." ఆమె వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. తడిసిన పెసలన్నీ కాలనీకి వెళ్లిపోయాయి. ఆ వారమంతా గ్రూపులో మొలకల ఫోటోలే. బ్యాంకు సారు మాత్రం ఆ సాయంత్రమే గ్రూపులోంచి వెళ్లిపోయారు. (చలికాలంలో సొరకాయ కోసం తిరిగొచ్చారు. అమ్మ లేతది చూసి ఇచ్చింది.) ఇరవై ఇళ్లలో దసరాకు పదమూడు మిగిలాయి. బాపు పత్తి మాట ఎత్తలేదు. పండగ మర్నాడు పొద్దున నాగలి కర్ర సరిచేస్తూ, నా వైపు చూడకుండానే, "వచ్చే వానకాలం పెసర జర ఎక్కువ పెడ్దామా?" అన్నాడు. ఆ "పెడ్దామా"లో నేనూ ఉన్నానని అర్థమవడానికి నాకు కాసేపు పట్టింది.

ఆ వాన ఆదివారం, వాళ్లు తిరుగు వ్యాను ఎక్కబోయే ముందు, మళ్లీ చినుకులు పడుతుంటే, డ్రైవరు తీసిన ఫోటో ఒకటి నా దగ్గర ఇప్పటికీ ఉంది. గట్టు మీద మేడమ్, కాలనీ వాళ్లు, అమ్మ, బాపు, కాక, అందరూ తల మీద యూరియా కొప్పెరలు పెట్టుకుని పెళ్లి ఫోటోలోలా నిలబడి ఉన్నారు. చివర్న నేనొక్కదాన్నే సంచి లేకుండా ఉన్నాను. అమ్మ ఇస్తే వద్దన్నాను, సిద్ధాంతం ఒప్పుకోలేదు. జుట్టంతా ముఖానికి అతుక్కుని, గడ్డం పైకెత్తి, చూడటానికి తడిసిన కోడిపిల్లలా ఉన్నాను. తర్వాత వారం రోజులు ముక్కు కారుతూనే ఉంది. ఇప్పుడు చేతులకు పేడ వాసన ఎంత కడిగినా పోదు, వానొస్తే చేతికి ఏ సంచి దొరికితే అది తలకెత్తుకుంటాను. అయినా ఆ ఫోటో చూసినప్పుడల్లా ఆ చివరి పిల్ల దగ్గరికి వెళ్లి, ఏమీ అనకుండా, తల మీద ఒక సంచి కప్పి రావాలనిపిస్తుంది. కప్పినా తీసి పారేస్తుంది, నాకు తెలుసు.