అడ్డం నిలబడే మనిషి

పెళ్లిచూపుల నాడు అభిజిత్ నవ్వలేదు. సింగపూర్ టోవా పాయోలో తన తల్లిదండ్రుల ఫ్లాట్‌లో సోఫా అంచున ఒద్దికగా కూర్చుని, అడిగినదానికల్లా పెదవులు సరిగ్గా విప్పకుండానే జవాబు చెప్పాడు. నెమ్మదస్తుడు, మాట పొదుపు అనుకుంది సుస్మిత. ఆమె తెనాలి నుంచి వచ్చి ఏడాది కాలేదు. రెండువేల సంవత్సరం వచ్చిపడేలోగా బ్యాంకుల కంప్యూటర్లలో తేదీలు సరిచేసే పనిలో తలమునకలై ఉంది. వాగుడుకాయల్లాంటి ప్రోగ్రామర్ల మధ్య రోజంతా గడిపే పిల్లకి, నోరు మెదపని మనిషి వరంలా కనిపించాడు. తాంబూలాలు పుచ్చుకున్నాక తెలిసింది, ఆ ముందు వారమే కొరియాలో అతని ముందుపళ్లు రెండు రాలిపోయాయనీ, కొత్తవి ఇంకా కట్టించుకోలేదనీ.

మోసం చేశాడనడానికీ లేదు. ఆ రోజే కారిడార్లోకి తీసుకెళ్లి తన పని గురించి దాచకుండా చెప్పాడు. ఐస్ హాకీ ఆడతానన్నాడు, అదే ఉద్యోగమన్నాడు. గోల్స్ కొట్టేది తను కాదు, కొట్టేవాళ్లకి అడ్డం నిలబడేవాడినన్నాడు. సుస్మిత దాన్ని సగమే చెవిన వేసుకుంది. సింగపూర్‌లో ఐసు అంటే హాకర్ సెంటర్ తిండి అంగళ్లలో గిన్నెలో పోసిచ్చే ఐస్ కచాంగ్ అనే తురుము ఐసే కదా, దాని మీద ఎవరికైనా బతుకుతెరువు ఉంటుందా అనుకుంది. ఏదో ఉద్యోగం ఉండే ఉంటుంది, ఇది సరదా అయి ఉంటుంది అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆ సర్దిచెప్పుకోవడమే తన కొంప ముంచిందని తర్వాత చాలాసార్లు అనుకుంది.

అభిజిత్ తండ్రి జనార్ధనరావు విశాఖపట్నం నుంచి వచ్చి ఇక్కడి షిప్‌యార్డులో ఇంజనీరుగా స్థిరపడ్డ మనిషి. కొడుకు స్కూల్లో ఉండగా పిల్లలందర్నీ ఒకసారి మంచు మీద జారే ఐస్ రింక్‌కి తీసుకెళ్లారు. అందరూ జారిపడి, కాసేపటికి విసుగెత్తి బయటికొచ్చారు. అభిజిత్ కూడా పడ్డాడు కానీ బయటికి రాలేదు. బస్సు బయల్దేరే ముందు టీచరే లోపలికెళ్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చిందని అత్తగారు సుభద్ర ఇప్పటికీ తలకొట్టుకుంటూ చెబుతుంది.

అక్కడ ఆట నేర్పే కెనడా ఆయన కొద్దిరోజులకే తేల్చి చెప్పేశాడు, పెద్ద ఒళ్లు, నెమ్మది కాళ్లు, చేతిలో ఒడుపు లేదు, ఈ ఆట నీకు రాదని. అభిజిత్ బుద్ధిగా తలూపి మర్నాడు మళ్లీ వచ్చాడు. ఇలా ఎన్నిసార్లు వెళ్లగొట్టినా వచ్చేసరికి ఆ పెద్దమనిషికి వేరే దారి లేక ఆటలో దింపాడు. అప్పుడు తెలిసింది, ఎవరు వచ్చి ఢీకొట్టినా ఈ కుర్రాడు పక్కకి జరగడని. అక్కడి కుర్రాళ్లందరికీ తప్పనిసరైన సైనిక శిక్షణ, నేషనల్ సర్వీస్, అయ్యాక తండ్రి ఇంజనీరింగ్ సీటు చూసి పెడితే, కొడుకు ఆ కోచ్ సొంతూరికి పోయి, చిన్న జట్టులో ఆడాడు. అక్కడి నుంచి కొరియాలో ఒక కంపెనీ నడిపే జట్టుకి చేరాడు. జనార్ధనరావు ఏడాదిపాటు అతనితో మాట్లాడలేదు. మాట్లాడడం లేదన్న సంగతి కొడుక్కి తెలిసిందో లేదో కూడా ఆయనకి తెలియలేదు.

ఆ ఆటలో రబ్బరు బిళ్ల ఒకటి వడిసెల రాయిలా దూసుకొస్తుంది. దానికి ఎవరో ఒకరు ఒళ్లు అడ్డం వెయ్యాలి. తమ జట్టులో గోల్స్ కొట్టే కుర్రాణ్ణి అవతలివాడు కావాలని గుద్దితే, వెళ్లి ఎందుకు గుద్దావని అడగాలి. ఆ అడగడం చేతులతోనే. అడిగినందుకు రిఫరీ పెనాల్టీ బాక్సు అనే గాజు గదిలో కూర్చోబెడతాడు. ఈ పనులన్నీ అభిజిత్‌వి. సాయంత్రం స్కోరు చదివేటప్పుడు అతని పేరు ఎక్కడా రాదు.

పెళ్లయ్యాక జురాంగ్ ఈస్ట్‌లో ఫ్లాట్ తీసుకున్నారు. రింక్ దగ్గరని అతను, ట్రైన్ దగ్గరని ఆమె. చలికాలమంతా కొరియాలో ఉండి, ఆటలు లేని నెలల్లో ఇంటికొచ్చేవాడు. అతనితోపాటు ఆట సామాను సంచి వచ్చేది. అందులోని చెమటతో నానిన తొడుగులన్నీ వంటింటి కిటికీ బయట వెదురు కర్రలకి ఆరేస్తే, కింది అంతస్తు మలయ్ ఆంటీ పైకొచ్చి, ఇంట్లో ఏమైనా చచ్చిందా అని మర్యాదగా అడిగి వెళ్లింది. లిఫ్టు ప్రతి అంతస్తులో ఆగదు. ఆ సంచిని రెండంతస్తులు మెట్ల మీద ఈడ్చుకుంటూ వచ్చిన ప్రతిసారీ, తన బ్యాచ్ అమ్మాయిల మొగుళ్లు ల్యాప్‌టాప్ సంచులు మోస్తారని సుస్మిత గుర్తుచేసేది. అతను నిజమేనని ఒప్పుకునేవాడు. ఒప్పుకునేవాడితో పోట్లాడడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు.

తెనాలి నుంచి ఫోనొస్తే వాళ్లమ్మ అడిగే మొదటి ప్రశ్న, అల్లుడు ఎన్ని గోల్స్ కొట్టాడని. సున్నా అని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఇక్కడి తెలుగువాళ్ల మధ్య ఇంకో గోల. ఇది సాఫ్ట్‌వేర్ కాలం, పట్టుమని నాలుగు నెలలు కోర్సు చేసినవాడు కూడా అమెరికా విమానం ఎక్కుతున్న రోజులు. మామగారి స్నేహితుడు వీరభద్రరావు జావా నేర్పే కోచింగ్ సెంటర్ పెట్టి, ఎవరు కనబడ్డా చేర్చుకునేవాడు. సుస్మిత పోరు పడలేక ఆటలు లేని నెలల్లో అభిజిత్ అందులో చేరాడు. రోజూ వెళ్లాడు, ముందు బెంచీలోనే కూర్చున్నాడు.

"సుస్మితా, నీ మొగుడు చాలా బుద్ధిమంతుడమ్మా. ఒక్క ముక్క కూడా ఎక్కలేదు గానీ, ఒక్క రోజు కూడా మానలేదు" అన్నాడు వీరభద్రరావు ఆఖరి రోజున, చేతులెత్తేసి.

రెండువేల సంవత్సరం జనవరిలో, కంప్యూటర్లకి ఏ విపత్తూ రాక ఆఫీసులో సెలవులు దొరికాయి. సుస్మిత అరువు తెచ్చుకున్న ఉన్ని కోటు వేసుకుని కొరియా వెళ్లింది, మొగుడి ఆట మొదటిసారి చూడ్డానికి. ఎముకలు కొరికే చలి. ఆట మొదలైన కాసేపటికే అభిజిత్ ఎవరినో అడగాల్సింది అడిగి గాజు గదిలోకి వెళ్లాడు. తిరిగొచ్చి, మళ్లీ వెళ్లాడు. ఇంత దూరం వచ్చి, ఆయన కుర్చీలో కూర్చోవడం చూస్తున్నానని ఆమెకి ఒళ్లు మండింది.

ఆట చివర్లో అవతలివాళ్లు బిళ్లని బలంగా కొట్టారు. అభిజిత్ మంచు మీద అడ్డంగా పడుకున్నాడు. అది అతని పాదానికి తగిలి పక్కకి పోయింది. లేవబోయి పడ్డాడు, మళ్లీ లేచి ఒంటికాలి మీద జారుకుంటూనే ఇంకో దానికి అడ్డం వెళ్లాడు. అతని జట్టువాళ్లందరూ మెచ్చుకోలుగా కర్రలతో గోడని బాదారు. సుస్మిత పక్కనున్న ముసలాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. అంతమంది సంతోషంగా ఉన్నచోట తనొక్కతే ఏడుస్తోందని ఆమెకి కోపం వచ్చింది.

పాదంలో ఎముక విరిగిందని డాక్టరు చెప్పాడు. అది కాదు అసలు సంగతి. దాని పక్క ఎముక నెల క్రితమే విరిగి అతుకుతోందని కూడా ఆయనే చెప్పాడు.

"నెల రోజుల్నుంచీ ఫోన్లో బాగానే ఉన్నానంటున్నారే," అంది సుస్మిత. "నేనెవర్నని మీకు?"

"చెప్తే నువ్వు ఆపెయ్ అంటావు" అన్నాడు అభిజిత్. "ఆపేస్తే, గోల్స్ కొట్టడానికి పదిమంది ఉన్నారు. ఈ పనికి ఎవరూ లేరు లా." నొప్పిలోనూ సింగపూర్ వాళ్ల ఊతపదం 'లా' వదల్లేదు.

ఆమె రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. అన్నం కలిపి మాత్రం పెట్టింది.

తిరిగొచ్చాక బ్యాంకు పని వదిలి, ఇంటర్నెట్‌లో కూరగాయలు అమ్మే ఒక కొత్త కంపెనీలో చేరింది. పెద్ద ఆర్భాటంగా సైటు తెరిచిన రోజునే అది కుప్పకూలింది. కావ్యశ్రీ అని కొత్తగా చేరిన పిల్ల తప్పు ఫైలు ఎక్కించింది. పై అధికారి ఎర్రగా కందిపోయిన మొహంతో వచ్చి ఎవరి పని ఇదని అరిచాడు. టీం లీడరు చల్లగా నీళ్ల కోసం వెళ్లిపోయాడు. ఆ పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నేను చూసి సరే అన్నాను. ఏమన్నా ఉంటే నన్ననండి" అంది సుస్మిత.

ఆయన అందరి ముందూ అనాల్సినవన్నీ అన్నాడు. ఆమె కదలకుండా నిలబడి వింది. జురాంగ్ ఈస్ట్ ట్రైన్‌లో ఇంటికి వస్తుంటే, తను ఇవాళ చేసిందేమిటో ఉన్నట్టుండి తట్టింది. ఈ మనిషి తన జబ్బు నాకూ అంటించాడని విసుక్కుంటూ దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది.

మరుసటి ఏడు ఆ కూరగాయల కంపెనీ మూతపడింది. అదే ఏడు కొరియా కంపెనీ జట్టుని ఎత్తేసింది. మొగుడూ పెళ్లాలిద్దరూ ఇంట్లో కూర్చున్నారు. పొద్దున్నే లేచి ఎక్కడికీ వెళ్లనవసరం లేని మనిషి ఎలా ఉంటాడో సుస్మిత అప్పుడు చూసింది. గిన్నెలు తోమాడు, ఫ్యాన్లు తుడిచాడు, మలయ్ ఆంటీ ఇంటి తలుపు బాగుచేశాడు. నెల తిరిగేసరికి అతన్ని చూస్తే ఆమెకి గుబులు పుట్టింది. చివరికి తనే రింక్ మేనేజరు దగ్గరికి వెళ్లి, మా ఆయనకి గోల్ కొట్టడం తప్ప అన్నీ వచ్చని చెప్పి వచ్చింది. పిల్లలకి డిఫెన్స్ నేర్పే పనిలో పెట్టుకున్నారు. ఆమెకి ఆ తర్వాత పాత బ్యాంకులోనే ఉద్యోగం దొరికింది. ఇక ఎముకల గొడవ తీరిందని ఊపిరి పీల్చుకుంది.

తీరలేదు. ఆదివారాలు అక్కడ ఉద్యోగస్తులు సరదాగా ఆడుకునే పోటీలుంటాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆడిటర్ల జట్టు మీద ఆడుతూ అభిజిత్ మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రిలో కట్టు కడుతున్నంతసేపూ సుస్మిత పళ్లు బిగబట్టుకుని కూర్చుంది. నర్సు బయటికి వెళ్లగానే మొదలుపెట్టింది.

"వాళ్లు ఆడిటర్లండీ. గెలిచినా ఓడినా రేపు పొద్దున వాళ్లు చూసేవి పద్దులే. ఒక్కసారి పక్కకి జరిగితే మీ సొమ్మేం పోయింది?"

అభిజిత్ కట్టు కట్టిన చేతిని ఒళ్లో సర్దుకున్నాడు. "సారీ లా" అన్నాడు. ఆ వెంటనే మెల్లిగా, "కానీ అది గోల్ కాలేదు" అన్నాడు.

"తెలుసు. చూశాను" అంది సుస్మిత. అత్తగారికి ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ, ఫోన్ తీసుకుని వరండాలోకి నడిచింది.