నిర్మల్ ఘాటులో రెండో గేరు

ఇంజను నా కింద పాడయింది. ఆ సంగతి నేను ఎన్నడూ కాదనలేదు. కాని అది నా ఒక్కడి వల్లే పాడయిందని, బండ్లు బాగుచేసే మా మేస్త్రీ నలుగురిలో అన్న మాటను మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన రెండేళ్లకు, ఖానాపూర్ దగ్గర రోడ్డు పని పట్టిన ఒక గుత్తేదారు క్యాంపులో నేను సామాన్ల గుమాస్తాగా చేరాను. మాది మెట్‌పల్లి. ఇంట్లో మగ్గం పని. నేనూ పదేళ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నవాణ్నే. నాలుగు అక్షరాలు వచ్చినందుకు బయటపడ్డాను.

క్యాంపులో రెండు ఫట్‌ఫటీలు, అంటే మోటారు సైకిళ్లు, ఉండేవి. చిన్నది నిర్మల్ దాకా పోయి రావడానికి పనికొచ్చేది. పెద్దది యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన రెండు సిలిండర్ల బండి. బరువుతో నిర్మల్ ఘాటు కొండదారి ఎక్కి ఆదిలాబాద్ చేరాలంటే అదొక్కటే దిక్కు. చిన్న బండి బాగా నడుపుతున్నానని, రోడ్డు నక్షాలు, కాగితాలు ఆదిలాబాద్ చేర్చే పని గుత్తేదారు నాకు ఇచ్చాడు. క్యాంపులో అంతకన్నా పెద్ద మర్యాద లేదనుకునేవాణ్ని.

చిక్కల్లా గేర్ల దగ్గర వచ్చింది. చిన్న బండికి కాలి వేళ్లతో పైకెత్తితే ఒకటో గేరు. తర్వాత రెండు, మూడు, నాలుగు అన్నీ కిందికి నొక్కడమే. పెద్దదానికి పూర్తిగా ఉల్టా. ఒకటోది నొక్కాలి, మిగిలినవన్నీ ఎత్తాలి. పై గేరు నుంచి కింది గేరుకు రావాలంటే మళ్లీ నొక్కాలి. ఈ సంగతి మేస్త్రీ నాకు చెప్పాడు. చెప్పలేదని నేను అనను. మూడు ప్రయాణాలు బాగానే అయ్యాయి. నాలుగోసారి క్యాంపు దాటాక చదును రోడ్డు మీద, మూడో గేరులో నిండు వేగంతో పోతున్నాను. నాలుగోది వేద్దామని కాలు కదిపాను. ఎత్తవలసిన కాలు నొక్కింది. బండి రెండో గేరులో పడింది. ఇంజను గొంతు కోస్తున్నట్టు అరిచింది. వెనక చక్రం జారి గీత గీసింది. క్లచ్చి పట్టి ఆపేసరికి లోపల ఏదో టకటకమంటోంది.

బండిని ఎడ్లబండి మీద వేసుకుని క్యాంపుకు తెచ్చాను. మేస్త్రీ ఇంజను విప్పి వంగిన వాల్వును బయటికి తీశాడు. కూలీలు చుట్టూ చేరారు. వాల్వును అందరికీ చూపిస్తూ గుత్తేదారుతో అన్నాడు.

"మగ్గం దొక్కిన కాలు గద సేటు. కిందికి దొక్కుడే ఎరుక దానికి. మీదికెత్తుమంటె ఎట్లెత్తుతది?"

అందరూ నవ్వారు. తట్ట మోసే ముసలామె కూడా నవ్వింది. ఎవరెవరు నవ్వారో ఇప్పుడు అడిగినా వరసగా చెప్పగలను.

ఆ బండిని అంతకు ముందు ఆరు నెలలు నడిపింది మేస్త్రీయే. ఖానాపూర్ బజారులో జనం తిరిగి చూడాలని రెండో గేరులోనే అరిపించుకుంటూ పోయేవాడు. అరిస్తేనే బండికి దమ్మున్నట్టు అప్పట్లో అందరి లెక్క. ఆరు నెలలు అలా పీడించిన వాల్వు నా కింద ఒక్క క్షణంలో వంగింది. ఈ మాట గుత్తేదారుకు చెప్పాను. వంగింది ఎవరి కింద అని మాత్రమే ఆయన అడిగాడు. బాగయ్యాక పెద్ద బండి మేస్త్రీ నడుపుతాడని, నేను సామాన్ల కొట్టు చూసుకోవాలని తీర్పు చెప్పాడు.

అన్నిటికన్నా నన్ను కాల్చింది మేస్త్రీ మాటలోని నిజం. మగ్గం కింద పావళ్లు అనే కాలిచెక్కలను తొక్కడమే తప్ప ఎత్తడం ఉండదు. కంగారులో నా కాలు తనకు తెలిసిన పనే చేసింది. అబద్ధమైతే ఆ మాటను ఎప్పుడో వదిలేసేవాణ్ని.

ఇంటికి పోయినప్పుడు బాపుకు చెప్పాను. ఆయన మగ్గం ఆపకుండానే విన్నాడు.

"కాలును తిట్టి ఏం ఫాయిద బిడ్డా. దానికి మల్ల నేర్పుకోవాలె" అన్నాడు.

ఆ పూటే మొదలుపెట్టాను. మంచం మీద కూర్చుని, కింది కర్రకు అడుగున వేళ్లు పెట్టి ఎత్తడం, దించడం. అవ్వ రెండు రోజులు చూసి, నరాల బీమారి అనుకుని కాలికి ఆముదం రాసింది. వద్దనలేదు. రాయించుకుంటూనే ఎత్తాను. క్యాంపుకు తిరిగొచ్చాక, బాగై స్టాండు మీద నిలబడ్డ పెద్ద బండి దగ్గర, మేస్త్రీ భోజనానికి పోయిన వేళల్లో అదే పని. వేళ్ల మీద చర్మం కాయలు కాసింది.

గేరు ఎప్పుడు మార్చాలన్నది చిన్న బండి మీద నేర్చుకున్నాను. ఇంజను ఎంత తిరుగుతోందో చూపే ముల్లు మా బండ్లకు లేదు. నిదానంగా ఉన్నప్పుడు దెబ్బలు విడివిడిగా వినిపిస్తాయి. వేగం పెరిగితే కలిసిపోయి ఒకే మోత అవుతుంది. ఇంకా పెంచితే ఆ మోత సన్నబడి కీచుమంటుంది. అక్కడిదాకా పోనివ్వకూడదు. మోత కలిసినచోటే కాళ్లు పెట్టుకునే కమ్మీలు వణకడం మొదలై అరికాళ్లు జివ్వుమంటాయి. అదే సమయం. నాకు బూట్లు లేవు, పలచటి చెప్పులు. పదేళ్లు అరికాలితో పావళ్ల పట్టు తెలుసుకున్నవాడికి ఆ జివ్వుమనడం తెలియకుండా దాటిపోదు.

ఇక మిగిలింది గుత్తేదారు. ప్రతి సోమవారం ఒక అర్జీ రాసి ఇచ్చాను. మేస్త్రీని వెనక కూర్చోబెట్టుకుని ఘాటు ఎక్కి దిగుతాను, ఇంజను ఒక్కసారి అరిచినా మళ్లీ బండి అడగను, అని. తొమ్మిదో అర్జీకి ఆయన విసిగిపోయాడు. నా పోరు పడలేక ఒప్పుకున్నానని అందరి ముందూ చెప్పాడు. అదీ గుర్తుంచుకున్నాను.

ఘాటు మొదట్లో, కల్వర్టు దగ్గర గుత్తేదారు జీపు ఆపుకుని కూర్చున్నాడు. మేస్త్రీ ఒక సామాను సంచి ఒళ్లో పెట్టుకుని నా వెనక ఎక్కాడు. ఎక్కడం కష్టం కాలేదు. మలుపు ముందే, ఇంజను నీరసపడక ముందే మూడోది నుంచి రెండోది నొక్కాను. మలుపు దాటి అరికాలు జివ్వుమనగానే మూడోది ఎత్తాను. పైన చదును మీద నాలుగోది కూడా పడింది.

అసలు పరీక్ష దిగేటప్పుడు వచ్చింది. మూడో గేరులో ఉన్నాం. వాలు ఎక్కువై బండి దూకుతోంది. ముందు పెద్ద మలుపు. మేస్త్రీ నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"రెండోదెయ్. బిరేకులకు ఆగదు, రెండోదెయ్."

ఆ వేగంలో రెండోది వేస్తే మళ్లీ వాల్వే. అరికాళ్లు అప్పటికే మండుతున్నాయి. కాలు నొక్కడానికి సిద్ధంగా ఉంది, అది దానికి తేలిక పని. నేను నొక్కనివ్వలేదు. రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా పట్టాను.

"ఎయ్‌మంటె ఎయ్యవేందయ్యా, లోయల పడేస్తవా?"

"జర ఆగు మేస్త్రీ. ఇంకా టైం గాలే."

వేగం తగ్గింది. మోత విడిపోయి దెబ్బలు వేరుగా వినిపించాయి. అప్పుడు నొక్కాను. రెండోది మెత్తగా పడింది, ఇంజను బండిని పట్టి ఆపుకుంది, మలుపు తిరిగాం. మేస్త్రీ నన్ను పడగొట్టాలని చెప్పాడో, భయపడి చెప్పాడో నాకు తెలియదు. పడగొట్టాలనే చెప్పాడని నేను అనుకుంటాను.

కింద గుత్తేదారు ఏమైందని అడిగాడు. మేస్త్రీ ఇంజను దగ్గర చెవి పెట్టి కాసేపు విన్నాడు.

"ఇంజన్ మంచిగనే ఉన్నది సేటు. ఇయ్యున్రి ఆయనకే."

ఆనాడు అందరి ముందు అన్న మాట వాపసు తీసుకొమ్మని మేస్త్రీని అడిగాను.

"బండి దొరికె గద. ఇంకేం గావాలె నీకు?" అని బీడీ ముట్టించాడు.

గుత్తేదారు నవ్వి, దానికి ఇంకో అర్జీ రాసుకొమ్మన్నాడు. రాశాను. జవాబు రాలేదు.

మరునాడు పొద్దున నక్షాల గొట్టం వీపుకు కట్టుకుని ఆదిలాబాద్ బయలుదేరాను. మేస్త్రీకి ఇంకా ఏమేం చెప్పాలో దారిపొడుగునా మనసులో కూర్చుకుంటూ పోయాను. ఘాటు దాటి చదును రోడ్డు మీద చాలా దూరం వచ్చాక గాని చూసుకోలేదు, బండి నాలుగో గేరులో ఉంది. కాలు ఎప్పుడు ఎత్తిందో నాకు గుర్తు లేదు.